చైన్ మిషన్ గంట అద్దె, పూడిన మురుగు కాలువ: కోనసీమలో ఒక అద్దె యంత్రాల కేంద్రం సమీక్ష

2025 సార్వా (ఖరీఫ్) వరి కోతలకు మా పక్క ఊరి రైతు సంఘం నడుపుతున్న అద్దె యంత్రాల కేంద్రం నుంచి చైన్ మిషన్‌ను, అంటే గొలుసుల మీద నడుస్తూ వరిని కోసి నూర్చే యంత్రాన్ని, రెండు రోజుల పాటు తీసుకున్నాను. నాకున్నది నాలుగు ఎకరాలు. అందులో రెండున్నర ఎకరాలు పుంత రోడ్డును ఆనుకుని ఉన్న మెరక చేను, మిగిలిన ఎకరన్నర ఊరి చివర మురుగు కాలువ పక్కన ఉన్న పల్లపు చేను. ఒకే యంత్రం, ఒకే డ్రైవరు, ఒకే స్వర్ణ రకం. అయినా రెండు చేలల్లో పని జరిగిన తీరుకు పోలికే లేదు. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత వ్యవసాయం చూసుకుంటున్న నాకు, పెట్టుబడికీ ఉత్పాదకతకూ ప్రభుత్వ వ్యయానికీ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా కళ్ళ ముందు కనిపించడం ఇదే మొదటిసారి. కేంద్రం సేవ బాగుందా అని అడిగే తోటి రైతులకు బాగుందనే చెబుతాను. అయితే ఆ యంత్రం ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ చేయలేదో, దానికి కారణం ఎవరి చేతిలో ఉందో చెప్పకుండా ఆ మాట చెబితే అది సగం మాటే అవుతుంది.

ముందుగా కేంద్రం గురించి. యంత్రం ధర దాదాపు 30 లక్షల రూపాయలని సంఘం వారు చెప్పారు. అందులో నలభై శాతం ప్రభుత్వ రాయితీ, పది శాతం సంఘంలోని రైతులు వేసుకున్న వాటా, మిగిలిన సగం సహకార బ్యాంకు అప్పు. అంటే సుమారు 12 లక్షలు ప్రజాధనం, 3 లక్షలు రైతుల సొమ్ము, 15 లక్షలు బ్యాంకుది. వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ పేరుతో 2014-15 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న పథకంలోనూ, తరువాత రాష్ట్రం చేపట్టిన పథకాల్లోనూ ఇలాంటి అద్దె కేంద్రాలకు రాయితీ ఇవ్వడం ప్రధానమైన అంశం. నాలాంటి నాలుగు ఎకరాల రైతు 30 లక్షల యంత్రాన్ని కొనడం జరిగే పని కాదు, కొన్నా దానికి నా చేలల్లో ఒక్క రోజుకు మించి పని ఉండదు. పదిమందికీ అద్దెకు తిరిగితేనే ఆ పెట్టుబడికి అర్థం ఉంటుంది కాబట్టి, చిన్న కమతాలున్న డెల్టాలో ఈ ఏర్పాటు సరైనదేనని నా అభిప్రాయం.

పేరు రాయించుకోవడం తేలికగానే జరిగింది. కేంద్రం నిర్వాహకుడు చేను సర్వే నంబరు, విస్తీర్ణం, నాటిన తేదీ, రకం, చేలో నీరుందా లేదా, పంట పడిందా నిలబడి ఉందా అన్నవన్నీ అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. గంటకు 3,200 రూపాయలు, డీజిలు, డ్రైవరు, సహాయకుడు అన్నీ కలిపి. ఈ ధరను గోడ మీద రంగుతో రాసి ఉంచారు. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను తరువాత మా ప్రాంతంలో చాలా చేలు నేలకు ఒరిగి మిషన్లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ సమయంలో కూడా ఈ కేంద్రం గోడ మీది ధరను మార్చలేదు. బయటి నుంచి వచ్చిన ప్రైవేటు మిషన్లు అదే వారంలో పడిన చేలకు ఇంకా ఎక్కువ అడిగాయి. రాయితీ తీసుకున్న యంత్రం కష్టకాలంలో ధరను పట్టి ఉంచడమే రైతుకు దాని వల్ల జరిగిన అన్నిటికంటే పెద్ద మేలు.

మెరక చేలో పని ఉదయం మంచు ఆరాక పది గంటలకు మొదలైంది. పుంతకు నాలుగేళ్ళ కిందట గ్రావెల్ వేయడం వల్ల యంత్రాన్ని మోసుకొచ్చే లారీ చేను గట్టు వరకు వచ్చి ఆగింది. అంతకు ముందు ఆ పుంతలో వానాకాలం ఎడ్లబండి కూడా దిగబడేది, ధాన్యం మోపులు మనుషుల నెత్తి మీదే రోడ్డెక్కేవి. తమిళనాడు నుంచి వచ్చిన డ్రైవరు పనిమంతుడు. చేను చుట్టూ ఒకసారి నడిచి, బోదెలు, గట్లు, కరెంటు స్తంభం స్టే వైరు ఎక్కడున్నాయో చూసుకున్న తరువాతే యంత్రం ఎక్కాడు. మూలల్లో మిగిలే పంటను మేమే కొడవళ్ళతో ముందుగా కోసి పెట్టాం. ఇది ప్రతి రైతూ చేయవలసిన పని, లేకపోతే యంత్రం మూల మూలకూ వెనక్కీ ముందుకూ తిరగడానికే చాలా సమయం పోతుంది. రెండున్నర ఎకరాలూ 2 గంటల 40 నిమిషాల్లో పూర్తయ్యాయి. ఎకరానికి 64 నిమిషాలు.

ధాన్యం శుభ్రంగా వచ్చింది, తాలు తక్కువ, ముక్కలైన గింజ దాదాపు లేదు. నేల మీద ఎంత రాలిందో తెలుసుకోవడానికి కర్రలతో ఒక చదరపు మీటరు చట్రం కట్టి, అయిదు చోట్ల వేసి గింజలు లెక్కపెట్టాను. సగటున 60 గింజలు ఉన్నాయి. వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు అనుకుంటే ఎకరానికి దాదాపు 5 కిలోల నష్టం. మనుషులు కోసి, పనలు ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్ప వేసి, నూర్చే దారిలో ఒక్కొక్క మెట్టు దగ్గరా ఇంతకంటే ఎక్కువే రాలుతుందని అనుభవమున్న ఏ రైతైనా చెబుతాడు.

రెండో రోజు పల్లపు చేను. అక్కడ పుంత లేదు. లారీ దిగిన చోటు నుంచి యంత్రం మరో ఇద్దరి చేలు దాటుకుని రావలసి వచ్చింది. వాళ్ళు తమ కోతలు పూర్తి చేసుకుని ఉండబట్టి దారి ఇచ్చారు. చేలో తుపాను నీరు దిగిపోయి మూడు వారాలు దాటినా నేల ఇంకా బురదగానే ఉంది. పంట సగానికి పైగా ఒకే వైపుకు పడుకుని ఉంది. పడిన వరిని ఒరిగిన దిక్కుకు ఎదురుగా మాత్రమే కోయగలరు కాబట్టి యంత్రం ఒక సాలు కోసి, ఖాళీగా వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. రెండుసార్లు గొలుసుల్లో బురద, గడ్డి చుట్టుకుని ఆగింది. ఒకసారి మడి మధ్యలో దిగబడితే దాన్ని బయటకు తీయడానికి దుంగలు వేశారు. డ్రైవరు ఎక్కడా విసుక్కోలేదు. ఆ సమయంలో అతను చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "మిషన్‌ది తప్పు కాదండి, నీళ్ళు పోవడానికి దారి లేదు." ఎకరన్నర కోయడానికి 3 గంటల 35 నిమిషాలు పట్టింది. ఎకరానికి 143 నిమిషాలు. రాలిన గింజలు చదరపు మీటరుకు 350 వరకు ఉన్నాయి, అంటే ఎకరానికి దాదాపు 28 కిలోలు. కోత బల్ల నేలకు బాగా దించవలసి రావడంతో ధాన్యంలో మట్టి బెడ్డలు కూడా కలిశాయి.

రెండు రోజులకూ కలిపి 6 గంటల 15 నిమిషాలు, 20,000 రూపాయలు. మెరక చేలో ఎకరానికి కోత ఖర్చు సుమారు 3,400 రూపాయలైతే పల్లపు చేలో 7,600 దాటింది. తేడా ఎకరానికి 4,200 పైమాటే. సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, 75 కిలోల బస్తాకు 1,777. అంటే పల్లపు చేలో ఎకరానికి దాదాపు రెండున్నర బస్తాల ధాన్యం విలువ కేవలం కోత ఖర్చులో అదనంగా పోయింది. దిగుబడి అక్కడ ఎలాగూ తక్కువ. మెరకలో ఎకరానికి 28 బస్తాలు వస్తే పల్లంలో 19 దగ్గరే ఆగింది.

ఈ లెక్కను నా జేబు వైపు నుంచి కాక యంత్రం వైపు నుంచి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. సార్వాలో కోతల కాలం మా దగ్గర సుమారు 25 రోజులు. మంచు, చీకటి తీసేస్తే రోజుకు ఎనిమిది గంటల పని. నా మెరక చేను లాంటి నేల అంతటా ఉంటే ఈ యంత్రం రోజుకు ఏడున్నర ఎకరాలు, 25 రోజుల్లో 187 ఎకరాలు కోస్తుంది. అంతటా నా పల్లపు చేను లాంటి నేలే ఉంటే రోజుకు మూడు ఎకరాల పైచిలుకు, మొత్తం 84 ఎకరాలు. అదే 30 లక్షల పెట్టుబడి, అదే 12 లక్షల రాయితీ, అదే డ్రైవరు నైపుణ్యం. చేసే పని మాత్రం సగానికంటే తక్కువ. మూలధనం ఉత్పాదకత అనే మాటను నేను తరగతి గదిలో ఎన్నోసార్లు నల్లబల్ల మీద గీతలు గీసి వివరించాను. యంత్రం ఎంత ఖరీదైనదన్నది ఒక ఎత్తు అయితే, అది నిలబడే నేలను ఎవరు ఎలా సిద్ధం చేశారన్నది మరో ఎత్తు. నా పల్లపు చేలో ఎకరానికి అదనంగా పోయిన ఆ 79 నిమిషాలు యంత్రం కంపెనీ వల్ల గానీ కేంద్రం వల్ల గానీ పోలేదు. కాలువలో గుర్రపు డెక్క, పూడిక వల్ల పోయాయి.

మురుగు కాలువ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గోదావరి డెల్టా అనగానే అందరికీ ఆనకట్ట గుర్తుకు వస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన జిల్లాల జీవితాన్నే మార్చివేసింది. ఇళ్ళలో ఇప్పటికీ కాటన్ దొర పేరు చెప్పుకుంటారు. ఆ ఆనకట్ట చేలకు నీరు తెచ్చింది. తెచ్చిన నీరు, పైన పడిన వాన బయటకు పోయే ఏర్పాటు అంత శ్రద్ధగా ఎప్పుడూ జరగలేదు. సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులో, వాలు దాదాపు లేని నేలలో నీరు తనంతట తాను పోదు. దానికి లోతైన, శుభ్రంగా ఉన్న కాలువ కావాలి, సముద్రపు పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి రాకుండా అవుట్‌ఫాల్ తూములు కావాలి. 1960ల్లో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. మురుగు కాలువల పనుల కోసం డెల్టా రైతుల నుంచి పన్ను వసూలు చేయడానికి 1968లో ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది. అంటే ఈ అవసరం ప్రభుత్వానికి తెలియనిది కాదు, రైతు దానికి డబ్బు కట్టనని అన్నదీ కాదు. కాలువ ఒకసారి తవ్వితే సరిపోదు, ఏడాదికేడాది పూడిక తీయాలి, డెక్క తొలగించాలి. ఆ పనే వెనకబడుతూ వచ్చింది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు చెప్పిన కారణాల్లో ముంపు కూడా ఉంది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని వేసింది. మొన్న మొన్నటి వరకు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు చేరి కొబ్బరి చెట్లు మోడువారాయని రాజోలు వైపు రైతులు గోడు వెళ్ళబోసుకుంటూనే ఉన్నారు.

ప్రభుత్వం యంత్రానికి 12 లక్షలు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ 12 లక్షలు పూర్తిగా ఫలించాలంటే వాటి పక్కన మరో ఖర్చు ఉండాలని అంటున్నాను. కేంద్ర బడ్జెట్‌లో మూలధన వ్యయం 2019-20లో సుమారు 3.36 లక్షల కోట్లు ఉంటే, 2025-26 అంచనాల్లో 11.21 లక్షల కోట్లకు చేరింది. అదే బడ్జెట్‌లో రాష్ట్రాలకు యాభై ఏళ్ళ వడ్డీ లేని అప్పులుగా 1.5 లక్షల కోట్లు కేటాయించారు. రహదారులు, రైలు మార్గాలు, వంతెనలు కళ్ళకు కనిపిస్తున్నాయి. ఇది మంచి మార్పు. అయితే ప్రభుత్వ ఖాతాల్లో కొత్త కాలువ తవ్వితే అది మూలధన వ్యయం, ఉన్న కాలువలో పూడిక తీస్తే అది నిర్వహణ, అంటే రెవెన్యూ వ్యయం. లోటు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు మొదట కోత పడేది ఈ నిర్వహణ మీదే. జీతాలను ఆపలేరు, వడ్డీని ఆపలేరు, ప్రారంభోత్సవం జరగవలసిన కొత్త పనిని ఆపడానికి మనసొప్పదు. పూడికతీత ఒక ఏడాది ఆగితే ఎవరికీ వెంటనే తెలియదు. తెలిసేది ఇలా, కోత మిషన్ గంటల మీటరు మీద, ఎకరానికి 79 నిమిషాల రూపంలో. ఆ భారం ప్రభుత్వ పద్దుల్లో ఎక్కడా కనిపించదు, పల్లపు చేల రైతుల పుస్తకాల్లో చిల్లర ఖర్చుగా చేరిపోతుంది.

అమెరికాలో 1970ల తరువాత ఉత్పాదకత మందగించడానికి రోడ్లు, నీటి వ్యవస్థల వంటి ప్రజా మూలధనం తగ్గిపోవడమే ముఖ్య కారణమని డేవిడ్ ఆష్యావర్ అనే ఆర్థికవేత్త 1989లో వాదించాడు. ఆయన కట్టిన అంచనా మరీ ఎక్కువని తరువాతి వాళ్ళు చాలామంది తేల్చారు. పాఠం చెప్పే రోజుల్లో నేను ఈ రెండు వైపులనూ సమానంగా చెప్పేవాడిని. ఇప్పుడు అడిగితే, దేశం మొత్తానికి ఒకే సంఖ్య కట్టాలనుకోవడంలోనే చిక్కుందని చెబుతాను. ఎక్కడ ఏ చిన్న ప్రజా నిర్మాణం అడ్డుపడి ప్రైవేటు పెట్టుబడిని సగం పనికే పరిమితం చేస్తున్నదో వెతికి అక్కడ ఖర్చు పెడితే ఫలితం అసాధారణంగా ఉంటుంది. నా మెరక చేనుకు వేసిన ఆ గ్రావెల్ పుంతే దానికి సాక్ష్యం. అది లేకపోతే ఈ యంత్రం ఆ చేనుకు వచ్చేదే కాదు.

అద్దె కేంద్రం ఆర్థిక స్థితి గురించి కూడా నిర్వాహకుడితో మాట్లాడి కొంత లెక్క వేశాను. సార్వాలో 200 గంటలు, దాళ్వాలో (రబీలో) మరో 200 గంటలు, మొత్తం ఏడాదికి 400 గంటలు ఇక్కడే తిరిగితే, ఎనిమిదేళ్ళ జీవితకాలానికి యంత్రం అరుగుదల గంటకు 940 రూపాయల దగ్గర పడుతుంది. ఇక్కడి కోతలు ముగిశాక బయటి జిల్లాలకు పంపి మరో 300 గంటలు సంపాదిస్తే అది 540కి దిగుతుంది. గంటకు తొమ్మిది లీటర్ల డీజిలు, దానికే 870 రూపాయల వరకు. డ్రైవరు, సహాయకుల జీతబత్యాలు, లారీ, కత్తులు, బెల్టులు, గొలుసుల మార్పు, బ్యాంకు వడ్డీ కలిపితే 3,200లో మిగిలేది పెద్ద మొత్తం కాదు. కాబట్టి యంత్రాన్ని బయటకు పంపడం మీద ఊళ్ళో కొందరు చేసే విమర్శ న్యాయం కాదు. ఖాళీగా షెడ్డులో నిలబడిన యంత్రానికీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పైగా అలా బయట తిరగడం వల్లే ఇక్కడ ధర గోడ మీద మారకుండా ఉంది.

గంట లెక్కన అద్దె తీసుకోవడం గురించి మాత్రం ఆలోచించవలసింది ఉంది. ఎకరం లెక్కన ధర కడితే బురద చేల నష్టం కేంద్రం మీద పడుతుంది, అప్పుడు డ్రైవర్లు పల్లపు చేల వైపు రావడానికే ఇష్టపడరు. గంట లెక్కన కడితే ఆ నష్టమంతా రైతు మీద పడుతుంది. కేంద్రం పాటిస్తున్న పద్ధతి వాళ్ళ వైపు నుంచి సబబే. పల్లపు చేలు ఎక్కువగా కౌలు రైతుల చేతుల్లో ఉండటం వల్ల, మురుగు కాలువ నిర్లక్ష్యం ఖరీదును అందరికంటే తక్కువ భరించగలవాళ్ళే కడుతున్నారన్నది నన్ను బాధపెట్టే విషయం. పైగా పేరు రాయించుకునేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం నకలు అడుగుతున్నారు. కౌలుదారులు భూయజమాని చేత ఫోన్ చేయించుకోవలసి వస్తోంది. కౌలుదారులకు ప్రభుత్వం ఇచ్చే సాగు హక్కు పత్రం ఉన్నవారికి అది చాలునని రాసి పెడితే ఈ ఇబ్బంది ఒక్క రోజులో తీరుతుంది.

నాకు ఎదురైన లోపాలు రెండు. చెప్పిన రోజుకు యంత్రం రాలేదు, ఒక రోజు ఆలస్యమైంది, ఆ సంగతి ముందుగా ఫోన్ చేసి చెప్పలేదు. ధాన్యం ఎత్తడానికి నేను పిలిపించిన ట్రాక్టరు, నలుగురు మనుషులు ఒక పూట ఖాళీగా కూర్చున్నారు. రెండోది బిల్లు. పల్లపు చేనుకు లారీ దిగిన చోటు నుంచి నడిచి వచ్చిన 25 నిమిషాలను కూడా కోత సమయంలో కలిపి 6 గంటల 40 నిమిషాలకు రాశారు. నేను పని మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ యంత్రం గంటల మీటరును ఫోనులో ఫొటో తీసి ఉంచాను. చూపించగానే నిర్వాహకుడు వాదించకుండా సరిచేసి, కొత్త రసీదు ఇచ్చాడు. ఫొటో తీయని రైతు సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. నడక సమయానికి వేరే తక్కువ ధర పెట్టి దాన్ని కూడా గోడ మీద రాస్తే మేలు.

యంత్రం కోత ఎంత బాగున్నా తరువాతి అవస్థ ఆరబోత దగ్గర మొదలవుతుంది. మనుషులు కోసినప్పుడు పనలు చేలోనే నాలుగైదు రోజులు ఎండుతాయి, నూర్చే నాటికి ధాన్యంలో తేమ చాలావరకు పోతుంది. యంత్రం పచ్చి మీదే కోసి నూర్చి ట్రాక్టరులో పోసేస్తుంది. నా మెరక ధాన్యం తేమ 22 శాతం, పల్లపు ధాన్యం 26 శాతం చూపించింది. ప్రభుత్వ కొనుగోలుకు ఉండవలసింది 17. ఊరంతా ఒకే వారంలో కోస్తే ఊరంతా ఒకే వారంలో ఆరబెట్టాలి. వెనకటి కళ్ళాల స్థలాలు ఇళ్ళుగా, కొబ్బరి తోటలుగా మారిపోయాయి. అందువల్ల తారు రోడ్డే కళ్ళమైంది. రాత్రిళ్ళు ద్విచక్ర వాహనాలు ధాన్యం రాశుల మీదకు ఎక్కి పడిపోతున్నాయి. బరకాలు కప్పి, మంచు రాకుండా రాళ్ళు పెట్టి, తెల్లవారి తీసి, కాళ్ళతో తిరగేస్తూ మెరక ధాన్యానికి మూడు రోజులు, పల్లపు ధాన్యానికి ఆరు రోజులు కాపలా కాశాం. కోతలో యంత్రం మిగిల్చిన సమయంలో కొంత ఇక్కడ తిరిగి ఖర్చయింది. ఊరికి రెండు సిమెంటు కళ్ళాలు, మండలానికి ఒకటి రెండు ఆరబెట్టే యంత్రాలు ఉంటే ఈ కోత మిషన్‌కు నిజమైన విలువ వచ్చేది. అద్దె కేంద్రం పెట్టుబడి పట్టికలో ఆరబెట్టే యంత్రం లేకపోవడం పెద్ద కొరతగా నాకు తోచింది. బస్తాలు, రవాణా, రైతు సేవా కేంద్రంలో తేమ పరీక్ష ఈసారి సజావుగానే జరిగాయి.

గడ్డి గురించి ఒక మాట. పశువులున్నవారు ఈ పద్ధతికి సిద్ధపడి రావాలి. మిషన్ వదిలిన గడ్డి నలిగి చేలో పడి ఉంటుంది, దానితో వాము వేయడం సాధ్యం కాదు. చుట్టలు చుట్టే యంత్రం కేంద్రంలో లేదు. మెరక చేలో గడ్డిని చేతులతో పోగు చేయించుకున్నాం, పల్లంలో అది బురదలోనే పోయింది.

కూలీల విషయం దాటవేయడం నాకు ఇష్టం లేదు. కోత ముఠా మేస్త్రి పడిన పంటకు కోత, కట్ట, మోత, నూర్పు అన్నీ కలిపి ఎకరానికి 13,000 వరకు చెప్పాడు, అదీ పది రోజుల తరువాత వస్తామని. ఆ ధర అన్యాయమైనదని అనలేను. నడుము వంచి బురదలో కోసే పనికి అంతకంటే తక్కువ అడగమనే నైతిక హక్కు నాకు లేదు. మా ఊరి ఆడవాళ్ళు చాలామంది ఇళ్ళ పనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళారు, కొందరు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేస్తున్నారు. యంత్రం వచ్చి వాళ్ళ పని లాగేసుకుందనే కంటే, వాళ్ళు వెళ్ళిపోయాక యంత్రం వచ్చిందనడమే మా ఊరి వరకు నిజానికి దగ్గరగా ఉంటుంది. కానీ వెళ్ళలేనివాళ్ళు, వయసు మళ్ళిన నలభై యాభై మంది స్త్రీలు మిగిలారు. వాళ్ళకు సార్వా కోతలంటే ఇరవై రోజుల కూలి, ఏడాదికి సరిపడా తిండిగింజలు. 2023-24 లెక్కల్లో దేశంలో పనిచేసేవారిలో 46 శాతం ఇంకా వ్యవసాయంలోనే ఉండగా జాతీయాదాయంలో దాని వాటా 18 శాతం దగ్గర ఉందంటే, ఒక్కొక్క మనిషి శ్రమ ఫలితం పెరగక తప్పదని అర్థశాస్త్రం తెలిసిన ఎవరైనా అంటారు, నేనూ అంటాను. ఆ పెరుగుదలలో వాళ్ళ వాటా ఏమిటో ఆలోచించే బాధ్యత రాయితీ ఇచ్చే ప్రభుత్వానికీ, తీసుకునే సంఘానికీ ఉంది. మూలల కోత, ఆరబోత, బస్తాల కుట్టు పనులను సంఘమే ఈ స్త్రీల జట్టుకు కట్టుబడిగా ఇవ్వవచ్చు. నేను నిర్వాహకుడికి ఆ సూచన చేశాను, ఆలోచిస్తామన్నాడు.

కాబట్టి ఈ కేంద్రానికి వెళ్ళే రైతుకు నేను చెప్పేది ఇది. గట్టు వరకు దారి ఉండి, చేను ఆరి ఉంటే నిస్సంకోచంగా పేరు రాయించండి, ఈ ధరకు ఇంత శుభ్రమైన కోత మరోచోట దొరకదు. చేను బురదగా ఉంటే కోతకు పది రోజుల ముందే గట్టు తెగ్గొట్టి నీరు తీయగలరేమో చూడండి. కాలువ మట్టం చేను మట్టం కంటే పైన ఉంటే ఆ ప్రయత్నం ఫలించదు, అప్పుడు ఖర్చు రెట్టింపుకు సిద్ధపడండి. అయినా పడిన పంటకు కూలీల ఖర్చుతో పోలిస్తే యంత్రమే చవక. మీటరు ఫొటో తీయడం, బరకాలు ముందే సమకూర్చుకోవడం మరవద్దు.

పల్లపు చేను పక్కన ఉన్న మరో పదకొండు మంది రైతుల మీటరు లెక్కలు కూడా ఈ వారంలో సేకరించాను. కాలువ పూడికతీత కోసం సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీకి వాటిని జత చేస్తున్నాను, ఒక ప్రతి మా నీటి వినియోగదారుల సంఘానికి ఇచ్చాను. దాళ్వాకు నాలుగు ఎకరాలకూ కేంద్రంలో పేరు రాయించి, 1,000 రూపాయలు బయానా కట్టాను. ఏప్రిల్‌లో రెండు చేలూ ఎండి ఉంటాయి. అప్పుడు అదే యంత్రం పల్లపు చేలో ఎకరం ఎన్ని నిమిషాల్లో కోస్తుందో రాసుకుని, ఈ 143 పక్కన పెట్టి, రెండో అర్జీ ఇస్తాను.